యెరూషలేము వెళ్లినవారు ఏమి తెచ్చుకున్నారు?

 

ఈ దినము ఒక ఉత్తరముతో మొదలుపెడతాను. వ్రాసినవారు పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు. మన కార్యక్రమము క్రమముగా వినే సహోదరుడు. ఆయన, ఆయన భార్య కలిసి పదకొండు సంవత్సరాలు చీటీలు కట్టి యెరూషలేము యాత్రకని కొంత సొమ్ము దాచుకున్నారు. పాస్‌పోర్టులు కూడా తీసుకున్నారు. ఇంతలో ఆ తల్లి ప్రభువునందు నిద్రించారు. సంఘములోని స్నేహితులు, మీరైనా వెళ్లి రండి మాస్టారూ, జన్మ ధన్యమవుతుంది అంటున్నారట. కుమారుడు మాత్రము, ఆ ప్రాంతపు వార్తలు చూస్తున్నావు గదా, ఈ వయసులో ఒంటరిగా ఎందుకు నాన్నా అంటున్నాడట. ఉత్తరములో ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. వెళ్లినవారికి దొరికేది ఏమిటి? వెళ్లనివారు పోగొట్టుకునేది ఏమిటి? మూడవది ఉత్తరము చివర, కొంచెము వణికిన అక్షరాలతో ఉన్నది. నా భార్య చూడకుండానే వెళ్లిపోయింది, ఆమెకు ఏమైనా తక్కువైనదా అయ్యగారూ?

ఆ ఉత్తరము నాలుగు రోజులు నా బల్ల మీదనే ఉన్నది. యోహాను సువార్త 4వ అధ్యాయములో సమరయ స్త్రీతో ప్రభువు చెప్పిన మాటను చూపించి ఊరుకోవచ్చు. ఆరాధనకు ఈ కొండా ఆ పట్టణమా అన్న ప్రశ్నకు ఆయన అక్కడే జవాబిచ్చాడు. కాని ఆ మాస్టారు ఆ అధ్యాయము చదవకుండా నాకు ఉత్తరము వ్రాసి ఉండరు. తెలిసిన వచనమే మరల తెలియజేస్తే ఆయన దుఃఖమునకు అది జవాబు కాదు. అందుచేత ఈ దినము సంఘ చరిత్రలోనికి వెళదాము. సుమారు 1,640 సంవత్సరాల క్రితము, ఆరేడేళ్ల వ్యవధిలో, ముగ్గురు విశ్వాసులు యెరూషలేము వెళ్లారు. ముగ్గురూ దేవుని ప్రేమించినవారే. ముగ్గురూ మూడు రకాలుగా మాట్లాడారు.

ముందుగా ఆ కాలపు సంగతి కొంచెము తెలుసుకోవాలి. క్రీ.శ. 70లో రోమా సైన్యము యెరూషలేమును, దేవాలయమును పడగొట్టింది. 135లో యూదుల రెండవ తిరుగుబాటు అణచిన తరువాత హద్రియను చక్రవర్తి ఆ స్థలములో ఏలియా కాపిటోలినా అని క్రొత్త పట్టణము కట్టించి, యూదులు అందులో అడుగుపెట్టకూడదని శాసించాడు. ప్రభువును సమాధి చేసిన చోటు మీద మట్టి పోయించి వీనసు దేవతకు గుడి కట్టారు. ఆ దినాలలో యాత్రలంటూ పెద్దగా లేవు. అక్కడక్కడ ఒకరు వచ్చేవారు. సార్దీసు బిషప్పు మెలితో, పాత నిబంధన గ్రంథములు సరిగా ఏవేవో తెలుసుకొనుటకు రెండవ శతాబ్దములో ఆ ప్రాంతమునకు వెళ్లాడు. స్థలము చూచుటకు కాదు, గ్రంథముల పట్టిక కొరకు వెళ్లాడని గమనించండి. మూడవ శతాబ్దము ఆరంభములో కప్పదొకియ నుండి అలెగ్జాండరు అనే బిషప్పు ప్రార్థనకును, ఆ స్థలములు చూచుటకును వచ్చాడు. యెరూషలేము సంఘస్థులు ఆయనను తిరిగి పోనియ్యక తమకే బిషప్పుగా ఉంచుకున్నారు!

కాన్‌స్టంటైను చక్రవర్తి కాలములో అంతా మారిపోయింది. వీనసు గుడి తొలగించి త్రవ్వగా సమాధి గుహ బయటపడింది. అక్కడ కట్టిన గొప్ప మందిరమును 335లో ప్రతిష్ఠించారు. దానికి రెండేళ్ల ముందే, 333లో, ఈనాటి ఫ్రాన్సులోని బోర్దో పట్టణము నుండి ఒక యాత్రికుడు వచ్చి తన దారి అంతా వ్రాసిపెట్టాడు. ఆ పుస్తకము మన రైల్వే టైము టేబులు వలె ఉంటుంది. ఇక్కడ గుర్రములు మార్చాము, ఇక్కడ బస చేశాము, ఇక్కడికి ఇన్ని మైళ్లు. యెరికోలో జక్కయ్య ఎక్కిన మేడిచెట్టు చూపించారని వ్రాశాడు. అది చూచి హృదయములో ఏమనుకున్నాడో ఒక్క ముక్క వ్రాయలేదు.

ఇక మన ముగ్గురి యొద్దకు వద్దాము.

మొదటివాడు నిస్సా పట్టణపు బిషప్పు గ్రెగరీ. కైసరియ బిషప్పు బాసిలుకు తమ్ముడు. త్రిత్వమును గూర్చి సంఘమునకు స్పష్టముగా బోధించిన పండితుడు. సుమారు 380 ప్రాంతములో సంఘకార్యము మీద అరేబియాకు, అక్కడ నుండి యెరూషలేమునకు వెళ్లాడు. చక్రవర్తి ఇచ్చిన ప్రభుత్వ బండిలో ప్రయాణము. దారి పొడుగునా తోటివారితో కలిసి కీర్తనలు పాడుతూ, ఉపవాసముండి వెళ్లామని, బండియే మాకు మందిరమైనదని చెప్పాడు. అయితే తిరిగి వచ్చిన తరువాత ఆయన వ్రాసిన ఒక లేఖ చాలా కఠినముగా ఉన్నది. ప్రభువు తన కుడివైపు నిలిచేవారిని పిలుచునప్పుడు ఆకలిగొన్నవారికి పెట్టుటను, దిగంబరులకు బట్ట ఇచ్చుటను లెక్కించాడే గాని యెరూషలేము ప్రయాణమును లెక్కించలేదు గదా అని అడిగాడు. దారిలోని సత్రములలో స్త్రీలకు మర్యాద నిలువదన్నాడు. ఆ పట్టణములోనే దొంగతనము, వ్యభిచారము, హత్య, విషప్రయోగము, విగ్రహారాధన అన్నీ కండ్లారా చూశానన్నాడు. కృప అక్కడ ఎక్కువగా ఉంటే అక్కడివారిలో పాపము అంతగా ఉండునా అని ఆయన వాదన. బేత్లెహేము చూడకముందే ప్రభువు కన్యక గర్భమున జన్మించాడని నమ్మాము, సమాధి చూడకముందే ఆయన లేచాడని నమ్మాము, ఒలీవల కొండ చూడకముందే ఆయన ఆరోహణమాయెనని ఒప్పుకున్నాము. స్థలము మారినంత మాత్రాన దేవుడు దగ్గర కాడు. ఇదీ ఆయన తీర్పు. ఈ ప్రయాణము వలన కలిగిన లాభమల్లా మా ఊళ్లే ఎక్కువ పవిత్రమైనవని తెలియుట మాత్రమే అని కూడా వ్రాశాడు.

సంస్కరణ దినముల తరువాత ప్రొటెస్టెంటులు ఈ లేఖను ఎంతో ఇష్టముగా చేతపట్టుకున్నారు. మనలోనూ కొందరు బోధకులు ఇంతవరకే చెప్పి ఆపుతారు. అది న్యాయము కాదు. ఇదే గ్రెగరీ యెరూషలేములో కలుసుకున్న ముగ్గురు విశ్వాస స్త్రీలకు మరియొక లేఖ వ్రాశాడు. ప్రభువు మన కొరకు పొందిన శ్రమల గురుతులు ఆ స్థలములలో చూచి తాను ఎంతో ఆనందించానని అందులో ఒప్పుకున్నాడు. ఆ వెంటనే, ఆ స్థలముల కంటె ప్రభువును హృదయములో ధరించిన మనుష్యులను అక్కడ చూచుట తనకు గొప్ప సంతోషమన్నట్లు వ్రాశాడు. వద్దని చెప్పినవాని హృదయము కూడా అక్కడ కరిగింది. రెండు లేఖలూ ప్రక్కప్రక్కన పెట్టి చదవాలి.

రెండవ వ్యక్తి ఒక స్త్రీ. పేరు ఎగేరియా. సత్రములలో స్త్రీలకు మర్యాద నిలువదని గ్రెగరీ వ్రాసిన ఆ సంవత్సరములలోనే ఈమె ఆ దారులలో నడుచుచున్నది! 381 నుండి 384 వరకు ఆమె యాత్ర జరిగినదని పండితులు లెక్కకట్టారు. స్పెయిను దేశపు వాయవ్య తీరము ఆమె స్వస్థలమని ఎక్కువమంది అభిప్రాయము. ఆమె తన ఊరిలోని సహోదరీల కొరకు చూచినదంతా ఉత్తరముగా వ్రాసింది. ఆ వ్రాత వందల సంవత్సరాలు కనబడకుండా పోయింది. 11వ శతాబ్దములో ఎవరో సన్న్యాసి చేసిన ఒక ప్రతి ఇటలీలోని అరెజ్జో పట్టణపు గ్రంథాలయములో ఉండగా 1884లో గమురీనీ అనే పండితుడు కనుగొన్నాడు. మొదటి పేజీలు లేవు, చివరి పేజీలు లేవు, వ్రాసినవారి పేరు లేదు. మొదట వేరే ఎవరి పేరో ఊహించారు. స్పెయిను దేశపు సన్న్యాసి వలేరియస్ ఏడవ శతాబ్దములో తన సహోదరులకు వ్రాసిన లేఖలో ఈ యాత్రికురాలిని పొగడిన సంగతి చూచి, 1903లో ఆమె పేరు గుర్తుపట్టారు.

ఈమెను గూర్చి కొంచెము ఎక్కువసేపు మాట్లాడనివ్వండి.

మనకు దొరికిన ప్రతి సీనాయి కొండ దగ్గర మొదలవుతుంది. శనివారము సాయంకాలము కొండ క్రిందికి చేరారు. ఆదివారము వేకువనే ఎక్కుట ప్రారంభించారు. దారి చుట్టూ తిరుగుతూ పోదు, గోడ ఎక్కినట్లు నిట్టనిలువుగా ఎక్కాలి. ఎక్కి కూర్చుని పోవుటకు వీలులేదు, కాలినడకే. అయినా తన కోరిక నెరవేరుచున్నందున ప్రయాస తెలియలేదని ఆమె వ్రాసింది. ప్రొద్దున సుమారు పది గంటలకు శిఖరము చేరారు. అక్కడ చిన్న మందిరమున్నది. ఒక వృద్ధ సన్న్యాసి తన గది నుండి వచ్చి వారిని కలిశాడు. వారు ఏమి చేశారో తెలుసా? ఆ స్థలమునకు చెందిన భాగము మోషే గ్రంథము నుండి చదివారు. ప్రభువు బల్లలో పాలుపొందారు. బయటికి వచ్చునప్పుడు ఆ సన్న్యాసులు తమ కొండలో పండిన పండ్లు ఇచ్చి పంపారు.

ఇది ఆ ఒక్కరోజు సంగతి కాదు. ఆమె తన పద్ధతిని స్పష్టముగా చెప్పింది. కోరుకున్న స్థలమునకు చేరగానే మొదట ప్రార్థన, తరువాత గ్రంథము తెరచి ఆ స్థలమునకు సంబంధించిన భాగము చదువుట, దానికి తగిన ఒక కీర్తన, మరల ప్రార్థన. హోరేబులో ఏలీయా దాగిన గుహ యొద్ద రాజుల గ్రంథము. యొర్దాను ఇవతల మోషే కడసారి ప్రజలతో మాట్లాడిన మైదానములో ద్వితీయోపదేశకాండము. ఆ దినాలలో గ్రంథమంటే చేతిలో పట్టే చిన్న బైబిలు కాదు, చేతివ్రాత ప్రతి. బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. అయినా గ్రంథము చదవకుండా ఆమె యాత్ర సాగలేదు. ఆమె స్థలమును చూచుటకు వాక్యము తీసుకొని వెళ్లలేదు, వాక్యమును చూచుటకు స్థలమునకు వెళ్లింది అని నాకు అనిపిస్తుంది.

ఆమెలో నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి ఉన్నది. నెబో కొండ మీద నుండి సోయరు వైపు, లోతు భార్య ఉప్పుస్తంభమైన చోటు చూపించారు. ఆమె తన సహోదరీలకు ఏమని వ్రాసిందంటే, స్థలము చూపించారు గాని స్తంభము అక్కడ లేదు, ఈ విషయములో మిమ్మును మోసపుచ్చలేను. అది కనబడక కొన్నేళ్లయినదని సోయరు బిషప్పే చెప్పాడట. శ్రోతలారా, ఎంత నిజాయితీ! యాత్ర చేసి వచ్చినవారు చూడనిది చూచినట్లు చెప్పుట నేటికీ ఉన్నది. వేల మైళ్లు ప్రయాసపడి వెళ్లినామె, కనబడలేదు అని వ్రాయుటకు వెనుకాడలేదు. ఆమె విశ్వాసము ఆ స్తంభము మీద ఆనుకొని లేదు.

యెరూషలేములో ఆమె చాలాకాలము ఉన్నది. శ్రమల వారమును ఆమె వర్ణించినంత వివరముగా అంతకు ముందు ఎవరూ వర్ణించలేదు. మట్టల ఆదివారము సాయంకాలము ఒలీవల కొండ మీద సువార్త చదివిన తరువాత జనమంతా ఖర్జూరపు మట్టలు, ఒలీవ కొమ్మలు పట్టుకొని నడచి పట్టణములోనికి దిగేవారు. నడవలేని పసిపిల్లలు కూడా తల్లిదండ్రుల భుజముల మీద కొమ్మలు పట్టుకొని వచ్చేవారు. మన ఊళ్లలో మట్టల ఆదివారము ఊరేగింపు చూచినప్పుడు నాకు ఈ మాటలే జ్ఞాపకము వస్తాయి. శుక్రవారము మధ్యాహ్నము పన్నెండు నుండి మూడు గంటల వరకు శ్రమల వాక్యభాగములు చదువుతూ ఉంటే చిన్నా పెద్దా అనక ఏడ్వనివారు లేరట. మన గుడ్ ఫ్రైడే ఆరాధన కూడా ఆ మూడు గంటలే గదా.

ఆ రోజు ఉదయమే సిలువ మ్రానును జనులకు చూపేవారు. ఒక్కొక్కరు వచ్చి వంగి ముద్దుపెట్టుకొని వెళ్లాలి. చుట్టూ పరిచారకులు కాపలా. ఎందుకంటే, ఎప్పుడో ఒకడు ముద్దు పెట్టుకున్నట్లు వంగి, పండ్లతో ఒక ముక్క కొరికి దొంగిలించుకొని పోయాడట! ఆ మ్రాను నిజముగా ఆ సిలువయేనా అన్నది వేరే చర్చ. ఇక్కడ చూడవలసినది ఆ మనుష్యుని. నోటితో ఆరాధిస్తూ నోటితోనే దొంగిలించాడు. గ్రెగరీ చెప్పిన యెరూషలేము, ఎగేరియా చూచిన యెరూషలేము ఒకటే పట్టణము.

ఇంకొక సంగతి. బిషప్పు గ్రీకులోనే బోధించేవాడు. సిరియా భాషవారికి ఒక పెద్ద నిలబడి అనువదించేవాడు. లాటిను మాత్రమే తెలిసినవారు దుఃఖపడకుండ, రెండు భాషలూ తెలిసిన సహోదరులు, సహోదరీలు ప్రక్కన కూర్చుని వివరించేవారు. వాక్యము అర్థము కాకుండా ఊరక చూచి పోవుట యాత్ర కాదని ఆ సంఘమునకు తెలుసు.

ఆమె మెసొపొతమియకు కూడా వెళ్లింది. యెరూషలేము నుండి ఎదెస్సాకు 25 మజిలీలు. అక్కడ అపొస్తలుడైన తోమా మందిరములో ప్రార్థించి, తోమాకు సంబంధించిన కొన్ని భాగములు చదివింది. తోమా మన దేశమునకు వచ్చి ఇక్కడ హతసాక్షి అయ్యాడని, ఆయన ఎముకలు ఇక్కడ నుండి అక్కడికి చేరాయని ఆ పట్టణమువారి సంప్రదాయము. మద్రాసులో సెయింట్ థామస్ మౌంటు మెట్లెక్కిన మన తెలుగువారు ఎందరో ఉన్నారు. పడమటి సముద్రతీరపు స్త్రీ, తెలియకుండానే మన వైపు చూచినట్లైనది. హారానులో అబ్రాహాము నివసించిన చోటు చూచిన తరువాత, కల్దీయుల ఊరు ఎక్కడ అని అక్కడి బిషప్పును అడిగింది. అది పారసీకుల దేశములో ఉన్నది, రోమీయులకు ఇప్పుడు దారిలేదు అన్నాడు. ఆమె వెనుదిరిగింది. అంత దూరము నడచినామెకు కూడా చేరలేని స్థలము ఒకటి మిగిలింది.

మూడవ వ్యక్తి పౌలా. రోమా పట్టణపు గొప్ప కుటుంబపు విధవరాలు. 385లో ఓడ ఎక్కింది. రేవున ఆమె చిన్న కుమారుడు చేతులు చాపి నిలబడగా, ఆమె కన్నీళ్లు ఆపుకొని ఆకాశము వైపు చూచిందని జెరోము వ్రాశాడు. ఆ భాగము చదివినప్పుడెల్లా నా మనస్సు ఆ పిల్లవాని వైపే ఉంటుంది. జెరోము దానిని గొప్ప భక్తిగా వర్ణించాడు, నేను అంత సులభముగా మెచ్చుకోలేను. యెరూషలేములో అధిపతి ఆమెకు భవనము సిద్ధపరచగా ఆమె చిన్న గదిలో దిగింది. సిలువ ఎదుట, ప్రభువు అక్కడే వ్రేలాడుచున్నట్లు సాగిలపడింది. సమాధి యొద్ద దొర్లించిన రాతిని ముద్దుపెట్టుకుంది. 386లో బేత్లెహేములో స్థిరపడింది. దారి ప్రక్కన యాత్రికులకు సత్రము కట్టించింది. మరియ యోసేపులకు అక్కడ స్థలము దొరకలేదు గదా, అందుకని. కీర్తనలు మూలభాషలో పాడవలెనని హెబ్రీ నేర్చుకుంది. సొమ్మంతా బీదలకు పెట్టి, కుమార్తె మీద అప్పులు మిగిల్చి 404లో బేత్లెహేములోనే కన్నుమూసింది.

ఆమెతో ఉన్న జెరోము బైబిలును లాటినులోనికి అనువదించిన పండితుడు. ఏథెన్సు చూచినవానికి గ్రీకు చరిత్రలు తేటగా అర్థమైనట్లు, యూదయను కన్నులతో చూచినవానికి లేఖనములు తేటపడతాయన్నాడు. పౌలా పేరున రోమాలోని స్నేహితురాలికి వెళ్లిన లేఖలో, రండి, మీరూ రండి అని ఎంతగానో బ్రతిమాలారు. కాని సుమారు 395లో పౌలీనుస్ అనే సహోదరుడు తాను రావలెనా అని అడిగినప్పుడు, బేత్లెహేములో కూర్చున్న ఆ జెరోమే జవాబు వ్రాస్తూ, యెరూషలేములో ఉండుట కాదు, అక్కడ యోగ్యముగా జీవించుట మెచ్చదగినదన్నాడు. పరలోక ద్వారము యెరూషలేము నుండి ఎంత దగ్గరో బ్రిటను నుండి కూడా అంతే దగ్గర అన్నాడు. ఐగుప్తు అరణ్యములో జీవించిన ఆంతోనీ యెరూషలేము చూడలేదు. పాలస్తీనాలోనే పుట్టి అక్కడే జీవించిన హిలారియను ఒక్కటే ఒక్కరోజు వెళ్లి చూచి వచ్చాడు. దగ్గర ఉండి చూడకపోతే పరిశుద్ధ స్థలములను తృణీకరించినట్లు, మాటిమాటికి వెళితే దేవుని ఒకచోట బంధించినట్లు ఉంటుందని ఆయన భావమట. నాకు ఆ ఒక్కరోజు లెక్క చాలా నచ్చింది.

ఇప్పుడు మన సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2008లో యెరూషలేము యాత్రకు ఆర్థిక సహాయము ప్రకటించిన తరువాత మన సంఘములలో ఈ మాట ఎక్కువగా వినబడింది. అంతకు ముందు పట్టణములలోని కొద్దిమందికే తెలిసిన ప్రయాణము పల్లె సంఘములకు కూడా అందింది. దానికి దేవునికి స్తోత్రము. కాని దానితోపాటు, యెరూషలేము వెళ్లివచ్చినవారు అని ఒక తరగతి కూడా ఏర్పడింది. యొర్దాను నీళ్ల సీసాలు, ఒలీవ చెక్క సిలువలు, ఫోటోల ఆల్బములు. నేనూ ఆ తరగతివాడినే, ఒప్పుకుంటాను. చాలా ఏళ్ల క్రితము ఒక బృందముతో వెళ్లాను. ఎనిమిది రోజులు. దిగండి, చూడండి, ఎక్కండి. పరిశుద్ధ సమాధి మందిరములో వరుసలో గంటకు పైగా నిలబడి, లోపల నిమిషము కూడా ఉండలేదు. తోట సమాధి యొద్ద నెమ్మదిగా ఉన్నది, ప్రొటెస్టెంటులకు అది ప్రియమైన చోటు. అయితే ఆ రాతి గుహ ప్రభువు కాలము కంటె ఎన్నో వందల సంవత్సరాల ముందు తొలిచినదని త్రవ్వకాల పండితులు అంటారు. సువార్తలు చెప్పునది అంతకు ముందు ఎవరినీ ఉంచని క్రొత్త సమాధి గదా. నేను నా బైబిలు ఆ ఎనిమిది రోజులలో రెండుసార్లు తెరచి ఉంటాను, అంతే.

యెరికో దారిలో మా బస్సు చెడిపోయింది. ఎండ. గంటకు పైగా రోడ్డు ప్రక్కన కూర్చున్నాము. కొందరు విసుక్కున్నారు, నేను కూడా. మా బృందములో ఒక పెద్దామె ఉండేది, పెద్దగా చదువుకొన్నది కాదు, అక్షరము అక్షరము కూడబలుక్కొని చదువుతుంది. ఆమె సంచిలోనుండి బైబిలు తీసి, ఇదే గదా దెబ్బలు తగిలినవాడు పడిపోయిన దారి అంటూ లూకా 10వ అధ్యాయము పైకి చదవసాగింది. చుట్టూ బోడికొండలు, పచ్చని చెట్టు ఒక్కటి లేదు. ఆ దారిన ఒంటరిగా పోవువానికి ఎంత భయమో, ఆగి సహాయము చేయువానికి ఎంత అపాయమో నాకు మొదటిసారి తెలిసింది. ఆ కథ మీద అంతకు ముందు నేను ఎన్ని ప్రసంగాలు చేశానో! ఆ యాత్రలో నాకు మిగిలినది ఆ గంట. ఎగేరియాను నేను చదివినది తరువాత చాలా కాలమునకు. చదివినప్పుడు ఆ పెద్దామె గుర్తుకు వచ్చింది.

మాస్టారూ, మీరు వింటూ ఉంటారని నమ్ముచున్నాను. మీ చివరి ప్రశ్నకు మొదట జవాబు చెబుతాను. మీ భార్యకు ఏమీ తక్కువ కాలేదు. ఇది ఓదార్పు కొరకు చెప్పే మాట కాదు. యెరూషలేము వెళ్లి చూచివచ్చిన గ్రెగరీ చెప్పిన మాట ఇది, బేత్లెహేములోనే కాపురమున్న జెరోము చెప్పిన మాట ఇది. వారికి అక్కడి స్థలములంటే తేలిక భావము లేదు. ఖాళీ సమాధిని చూడకుండ లేచిన ప్రభువును నమ్మి ఆమె నిద్రించినది. చూచి తిరిగి వచ్చిన మేము దానికి పైగా తెచ్చినది ఏమీ లేదు.

వెళ్లినవారికి దొరికేది ఏమిటని అడిగారు. పుణ్యము కాదు, పరలోకములో ముందు వరుస కాదు. చదివిన వాక్యము కొంచెము దగ్గరగా, కొంచెము స్పష్టముగా కనబడుట. దానికైనా గ్రంథము తెరవాలి. తెరవకపోతే నావలె సీసాలు మోసుకొని రావచ్చు. వెళ్లనివారు పోగొట్టుకునేది అంతమటుకే, అది కూడా మంచి బోధకుని వలన, మంచి పటము వలన చాలామటుకు తీరుతుంది.

వెళ్లాలా వద్దా అన్నది నేను ఇక్కడ నుండి నిర్ణయించలేను. మీ కుమారుని మాట త్రోసివేయవద్దు, అది భయము చేత కాదు, ప్రేమ చేత అన్న మాట. 2023 అక్టోబరులో అక్కడ యుద్ధము మొదలైన తరువాత ఎన్నో బృందములు ప్రయాణము మానుకున్నాయి. దారి మూసి ఉంటే ఎగేరియా హారాను నుండి వెనుదిరిగినట్లు వెనుదిరుగుటలో సిగ్గు లేదు. ఆ చీటీ సొమ్ము వేరొక పనికి అవసరమైతే, గ్రెగరీ గుర్తుచేసిన మత్తయి 25వ అధ్యాయపు పట్టిక మీ ఊరిలోనే ఉన్నది. మీరు వెళ్లేటట్లయితే మాత్రము ఒక్క మనవి. మీ బైబిలు ఇంటిలో పెట్టి, ఆమె బైబిలు తీసుకొని వెళ్లండి. ఆమె గీతలు గీసుకున్న వచనములు ఉంటాయి గదా, ఏ స్థలమునకు చేరితే ఆ స్థలపు భాగము అందులోనుండి పైకి చదవండి. మీ చుట్టూ ఉన్న తెలుగువారు వింటారు.

ఎగేరియా కాన్‌స్టాంటినోపులు చేరిన తరువాత, ఎఫెసులో యోహాను సమాధి యొద్ద ప్రార్థించుటకు వెళ్లాలని ఉన్నదని తన సహోదరీలకు వ్రాసింది. బ్రతికియుంటే వచ్చి చెబుతాను, లేకపోతే వ్రాస్తాను, నేను శరీరములో ఉన్నా విడిచినా నన్ను జ్ఞాపకము చేసుకోండి అన్నది. ఆ తరువాతి ప్రయాణమునకు సంబంధించిన పేజీలు దొరకలేదు.

వచ్చే వారము ఇదే సమయమునకు నిర్గమకాండము 24వ అధ్యాయము తెరచి ఉంచుకోండి. మోషే ఎక్కిన ఆ కొండ దారినే మనము కూడా మొదలుపెడదాము.